రెండు యుద్ధాల నడుమ బుద్ధుడు: పండితుల పత్రిక, పీడితుల పత్రిక

మొదటి ప్రపంచ యుద్ధం 1918 నవంబరులో ముగిసింది. రెండవది 1939 సెప్టెంబరులో మొదలయింది. నడుమ గడిచిన ఇరవై ఒక్క సంవత్సరాలలో దక్షిణ భారతదేశాన బుద్ధుని పేరు రెండు తావుల నుండి వెలికి వచ్చింది. ఒకటి పల్నాటి నేల. అక్కడ పలుగు పారల కింద స్తూపాలు, శాసన స్తంభాలు, జాతక కథల శిల్పాలు బయటపడ్డాయి. రెండవది శ్రమజీవుల వాడ. కోలారు బంగారు గనుల లైన్లలో, మద్రాసు రాయపేటలో, హైదరాబాదు బస్తీలలో అంటరానివారని పిలువబడిన జనం బుద్ధుని తమ పూర్వ గురువుగా చెప్పుకోసాగారు. మొదటి బుద్ధుని గురించి ఆచార్యులు, శాసన పరిశోధకులు, కవులు పత్రికలలో రాశారు. రెండవ బుద్ధుని గురించి రాయడానికి ఆ జనమే సొంత పత్రికలు పెట్టుకోవలసి వచ్చింది.

ఆ కాలపు అభిప్రాయ చరిత్రను ఈ రెండు పాయలుగా చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. వృత్తిరీత్యా తెలిసినవారు చెప్పిన మాట పండితాభిప్రాయం. బతుకురీత్యా అవసరమైనవారు చెప్పిన మాట ప్రజాభిప్రాయం. రెండూ ఒకే బుద్ధుని గురించినవే అయినా వాటి దారులు అరుదుగా కలిశాయి. అవి కలవకపోవడం వలన మన ముందు తరాలు ఏమి పోగొట్టుకున్నాయో, కలిపిన కొద్దిమంది ఏమి సాధించారో తెలుసుకోవడం నేటి ఉపాసకులకు అవసరం. ఈ కథకు మన పుదుచ్చేరి పట్టణం ఒక మంచి గవాక్షం.

రెండు చట్టాల పట్టణం

పుదుచ్చేరి ఆనాడు ఫ్రెంచి పాలనలో ఉంది. చుట్టూ ఉన్న బ్రిటిషు మండలాలకూ దీనికీ ఉన్న తేడాను 1881లో వచ్చిన రెండు చట్టాలు తెలుపుతాయి.

మొదటిది ఆ సంవత్సరం జూలై 29 నాటి ఫ్రెంచి పత్రికా స్వాతంత్ర్య చట్టం. దాని ప్రకారం పత్రిక పెట్టడానికి ముందస్తు అనుమతి అక్కరలేదు, ధరావతు కట్టనక్కరలేదు. ఫ్రెంచి పౌరుడైన బాధ్యుడొకరు ఉండి, అధికారులకు ప్రకటన దాఖలు చేస్తే చాలును. బ్రిటిషు ఇండియాలో పరిస్థితి వేరు. 1910 నాటి ప్రెస్ చట్టం అచ్చుకూటాల వద్ద 500 నుండి 2,000 రూపాయల దాకా ధరావతు కోరే అధికారం ఇచ్చింది. ఆ చట్టం 1922లో రద్దయినా 1930లో ఆర్డినెన్సు రూపంలో, 1931లో అత్యవసర అధికారాల చట్టం రూపంలో అదే పద్ధతి తిరిగి వచ్చింది. సుబ్రహ్మణ్య భారతి 1908లో మద్రాసు విడిచి ఇక్కడికి రావడానికి, ఆయన ‘ఇండియా’ వారపత్రిక ఇక్కడి నుండి వెలువడడానికి కారణం ఈ తేడాయే. అరవిందుల ‘ఆర్య’ మాసపత్రిక 1914 నుండి 1921 దాకా ఇక్కడే అచ్చయింది.

రెండవది అదే ఏడాది సెప్టెంబరు 21 నాటి డిక్రీ. భారతీయుడెవరైనా తన కులాచార మతాచార న్యాయాన్ని వదులుకొని, ఒక ఇంటిపేరు స్వీకరించి, ఫ్రెంచి పౌరన్యాయం కిందికి రావచ్చునని అది చెప్పింది. దీనికి ముందు 1873లో పొన్నుతంబి పిళ్ళై అనే న్యాయవాది బూట్లు ధరించి కోర్టుకు వచ్చినందుకు న్యాయమూర్తి ఆయనను వాదించనీయలేదు. ఆయన ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళి గెలిచారు. తరువాత ఈ డిక్రీ కింద లాపోర్తె అన్న పేరు స్వీకరించారు. కులవ్యవస్థ అడుగున ఉన్నవారు పలువురు ఆ దారి పట్టారు. పేరు మార్చుకొని కులం నుండి బయటపడవచ్చునా అన్న ప్రశ్న ఈ పట్టణానికి 1935 నాటికే అర్ధ శతాబ్దపు పాతది.

ఈ సరిహద్దు మంచికే ఉపయోగపడిందని అనుకోరాదు. బాల్య వివాహాలను అరికట్టే శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న బ్రిటిషు ఇండియాలో అమలులోకి రాగానే, గోదావరి జిల్లాల తెలుగు కుటుంబాలు కొన్ని పసిపిల్లల పెళ్ళిళ్ళు చేయడానికి ఫ్రెంచి యానాంకు పల్లకీలు కట్టుకొని వెళ్ళాయి. స్వేచ్ఛనిచ్చే చట్టాన్ని ఎవరు ఎందుకు వాడుకుంటారన్నది సమాజపు మనస్సును బట్టి ఉంటుంది. పత్రికా స్వేచ్ఛ విషయమూ అంతే.

ఫ్రెంచి ఆచార్యుడు, తెలుగు స్తూపాలు

పండితాభిప్రాయానికి పుదుచ్చేరిలో ప్రతినిధి గాబ్రియేల్ జువో దుబ్రేయ్ (1885–1945). ఇక్కడి ఫ్రెంచి కళాశాలలో ఆచార్యులు. 1914లో ఆయన ‘దక్షిణ భారత పురావస్తు శాస్త్రం’ రెండు సంపుటాలు పారిస్‌లో వెలువడ్డాయి. పల్లవుల మీద గ్రంథాలు రాశారు. 1920లో పుదుచ్చేరిలోనే అచ్చయిన ఆయన ‘ప్రాచీన దక్కను చరిత్ర’ తెలుగువారికి ముఖ్యమైన పుస్తకం. శాతవాహనులు, ఇక్ష్వాకులు, బృహత్ఫలాయనులు, శాలంకాయనులు, విష్ణుకుండినులు అన్న వరుసలో ఆంధ్రదేశపు తొలి రాజవంశాలను శాసనాధారంగా అందులో కూర్చారు. సముద్రగుప్తుని దక్షిణ దిగ్విజయం నిజానికి దక్షిణాది రాజుల కూటమి ముందు ఆగిపోయిందని, విన్సెంట్ స్మిత్ వంటి పేరుపొందిన చరిత్రకారుని మాటకు విరుద్ధంగా ఆయన వాదించారు. ఉత్తరాది చక్రవర్తుల చుట్టూ తిరిగే చరిత్ర రచనకు అది ఒక దిద్దుబాటు.

ఈ ఆచార్యుడు 1926లో గుంటూరు జిల్లా పల్నాటి తాలూకా గోలి గ్రామం దగ్గర ఒక స్తూపాన్ని కనుగొన్నారు. వేస్సంతర జాతకం, ఛద్దంత జాతకం, నాలాగిరి ఏనుగును బుద్ధుడు శాంతింపజేయడం మొదలైన ఘట్టాలు అక్కడి శిల్ప ఫలకాలపై ఉన్నాయి. వాటిలో అధిక భాగం మద్రాసు మ్యూజియానికి చేరింది. 1929లో టి.ఎన్. రామచంద్రన్ వాటిపై ఆంగ్లంలో ఒక వివరణ గ్రంథం ప్రచురించారు.

అదే 1926లో శాసన శాఖలో తెలుగు సహాయకుడుగా ఉన్న ఎ. రంగస్వామి సరస్వతి నాగార్జునకొండ లోయలో స్తంభాలను గుర్తించారు. 1927 నుండి 1931 దాకా ఎ.హెచ్. లాంగ్‌హర్స్ట్ ఆధ్వర్యంలో తవ్వకాలు సాగాయి. మహాచైత్యంలో మట్టి కుండ, దానిలో వెండి కరండం, దానిలో చిన్న బంగారు భరిణె, అందులో ఒక అస్థిక ధాతువు దొరికాయి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఆరవ రాజ్య సంవత్సరంలో ఆ చైత్యాన్ని పూర్తి చేయించినది రాజకుటుంబపు స్త్రీ చాంతిసిరి. బోధిసిరి అనే ఉపాసిక శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, యవన, ద్రమిళ దేశాల పేర్లు, తామ్రపర్ణీ ద్వీపపు పేరు వరుసగా కనిపిస్తాయి. ఈ దేశాలకు ధమ్మాన్ని అందించిన సింహళ భిక్షువులకు ఆమె విహారం కట్టించింది. క్రీస్తుశకం మూడవ శతాబ్దంలో కృష్ణాతీరపు ఒక లోయకు ఇంత ప్రపంచం పరిచయమని ఆ రాయి చెబుతుంది.

ఈ వార్తలను అందుకోవడానికి తెలుగు పత్రికా లోకం అప్పటికే సిద్ధంగా ఉంది. రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి 1922లో ఏర్పడింది. ‘భారతి’ 1924 జనవరిలో మొదలయింది. ‘ఆంధ్రపత్రిక’ ఉగాది సంచికలు చరిత్ర వ్యాసాలకు వేదికలు. ‘కృష్ణాపత్రిక’ కళలనూ సంస్కృతినీ ఆదరించేది. సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ పత్రిక’ 1926 మే 10న వెలువడింది. కవులు కూడా ఆ గాలి పీల్చారు. పింగళి, కాటూరి కవుల ‘సౌందరనందము’ 1932లో వచ్చింది. బుద్ధుడు ఆంధ్రుల గత వైభవానికి గుర్తుగా, శిల్ప సౌందర్యానికి ప్రాణంగా, కరుణారసానికి ఆలంబనంగా చదువుకున్నవారి హృదయాలలో నెలకొన్నాడు.

ఇది చిన్న సేవ కాదు. శతాబ్దాల మరపు తరువాత అమరావతి, గోలి, నాగార్జునకొండ పేర్లు తెలుగువాని నోట గర్వంగా పలకడానికి ఆ పండితులే కారణం. అయితే ఆ అభిప్రాయం ఎక్కడ ఆగిందో కూడా చెప్పుకోవాలి.

పండితుడు చదివినది, పల్లె వినవలసినది

అమరావతి శాసనాలలో ఒకటి విధికుడు అనే దాతది. తన తల్లితో, భార్యతో, సోదరులతో, కొడుకుతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఒక ఫలకాన్ని అతడు మహాచైత్యానికి సమర్పించాడు. అతని తండ్రి నాగుడు ఉపాధ్యాయుడు. విధికుని వృత్తిని శాసనం దాచలేదు. అతడు చమ్మకారుడు, అంటే తోలుపని చేసేవాడు. ఈ శాసనం లూడర్స్ 1912లో ప్రచురించిన బ్రాహ్మీ శాసనాల పట్టికలో ఉంది.

ఒక్క క్షణం ఆలోచించండి. తోలుపని చేసేవాని తండ్రి చదువు చెప్పేవాడు. ఆ కుటుంబమంతా కలిసి ఆంధ్రదేశపు మహాస్తూపానికి శిల్పం సమర్పించింది. దాని మీద వారి పేర్లూ వృత్తీ సగర్వంగా చెక్కబడ్డాయి. ఇది 1920లలో మాదిగ వాడలో నిలబడి చదివి వినిపించవలసిన వార్త. గుడి గడప తొక్కనీయని, ఊరి బావిలో చేద వేయనీయని రోజులలో ఆ ఒక్క పంక్తి ఒక ఉద్యమానికి చాలును. కాని శాసన పట్టిక ఆంగ్లంలో ఉంది. గోలి గ్రంథం ఆంగ్లంలో ఉంది. నాగార్జునకొండ శాసనాలను ఫోగెల్ ప్రచురించిన ‘ఎపిగ్రాఫియా ఇండికా’ ఆంగ్లంలో ఉంది. లాంగ్‌హర్స్ట్ నివేదిక తవ్వకం ముగిసిన ఏడేళ్ళకు, 1938లో, అదే భాషలో వెలువడింది. శాసనం చదివిన కన్నుకు అది భాషాశాస్త్ర విశేషం, కాలనిర్ణయానికి ఆధారం. ఆ కన్నుకూ పల్లెలోని చెవికీ నడుమ దూరం రెండు వేల ఏళ్ళు కాదు, ఒక అనువాదం మాత్రమే.

శిల్పాల గతి కూడా ఇటువంటిదే. పురాతన కట్టడాల రక్షణకు బ్రిటిషు ఇండియాలో 1904 నాటి చట్టం ఉంది. ఫ్రెంచి పుదుచ్చేరికి ఆ చట్టం వర్తించదు. కంచి ప్రాంతపు యోగినీ విగ్రహాలు 1926లో జువో దుబ్రేయ్ చేతి మీదుగా పారిస్‌లోని కళావస్తు వర్తకుడు సి.టి. లూకు చేరి, పిమ్మట దేశదేశాల మ్యూజియాలకు వెళ్ళాయి. నాగార్జునకొండ శిల్పాలు కొన్ని నేడు పారిస్‌లో, న్యూయార్కులో ఉన్నాయి. ఒకే వ్యక్తిలో మహా పరిశోధకుడూ ఎగుమతికి దారి చూపినవాడూ ఉండడం ఆ కాలపు వృత్తి నీతికి వింతగా తోచలేదు. రాయి ‘కళ’ అయినప్పుడు దానికి కొనుగోలుదారులు పుడతారు. అది ‘చైత్యం’ అయినప్పుడు దానికి వారసులు ఉంటారు. వారసులు ఎవరన్న ప్రశ్న ఆ పండిత చర్చలో లేదు.

అస్థిక ధాతువు విషయంలో మాత్రం ప్రభుత్వం దానిని ఆరాధించేవారున్నారని గుర్తించింది. 1932లో ఆ ధాతువు మహాబోధి సొసైటీకి అప్పగింపబడి సారనాథ్‌లోని మూలగంధకుటీ విహారానికి చేరింది. ఉపాసకులకు అది సంతోష వార్త. కాని కృష్ణాతీరంలో ధాతువును నిలుపుకోగల సంఘమొకటి ఆనాడు గట్టిగా నిలబడి ఉంటే ఆ ధాతువు ఎక్కడ ఉండేదో అన్న తలపు తెలుగు బౌద్ధునికి రాక మానదు.

తమ మాట తామే అచ్చు వేసుకున్నవారు

1926 మరొక ఘటనకు కూడా సంవత్సరం. అయోతీదాస్ పండితర్ 1907 జూన్ 19న రాయపేట నుండి ‘ఒరు పైసా తమిళన్’ అనే వారపత్రికను ప్రారంభించారు. వెల ఒక పైసా. మరుసటి ఏడు అది ‘తమిళన్’ అయింది. పరయలు మొదలైనవారు పూర్వ బౌద్ధులని, కులం పేరిట వారిని అణగదొక్కారని ఆయన వారం వారం వాదించారు. 1914 మే 5న ఆయన మరణించారు. ఆ పత్రికను 1926లో కోలారు బంగారు గనుల నుండి జి. అప్పాదురైయార్ పునరుద్ధరించారు. తమిళ, తెలుగు కూలీలు వేల అడుగుల లోతులో రాయి పగులగొట్టే చోట, వారి మధ్యనే, శాక్య బౌద్ధ సంఘం వారి అచ్చుకూటం పనిచేసింది. గోలిలో స్తూపం బయటపడిన ఏడాదే కోలారులో బౌద్ధుల పత్రిక తిరిగి లేచింది. ఒకటి రాతిని తవ్వి బుద్ధుని వెలికి తీయడం, రెండవది రాయి తవ్వే మనుషులు బుద్ధుని తలకెత్తుకోవడం.

తెలుగు నాట ఈ పాయకు భాగ్యరెడ్డి వర్మ (1888–1939) పేరు మొదట చెప్పాలి. ఆయన హైదరాబాదులో 1911లో మాన్యసంఘం స్థాపించారు. 1917 నవంబరులో బెజవాడలో ఆయన అధ్యక్షతన జరిగిన మహాసభలో పంచములన్న పేరును తోసిపుచ్చి ‘ఆది ఆంధ్రులు’ అన్న పేరు స్వీకరించారు. 1922లో మద్రాసు శాసనమండలిలో ఎం.సి. రాజా తెచ్చిన తీర్మానం మీద ‘ఆది ద్రావిడ’, ‘ఆది ఆంధ్ర’ పేర్లు ప్రభుత్వ వాడుకలోకి వచ్చాయి. పేరు మార్పు నామమాత్రమని ఎగతాళి చేసినవారికి అది సమాధానం. భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదులో బుద్ధ జయంతులు జరిపించారు. 1931లో ‘భాగ్యనగర్’ పత్రిక ప్రారంభించారు. తరువాత అది ‘ఆది హిందు’ పేరుతో నడిచింది. నాగార్జునకొండలో తవ్వకం ముగిసిన ఏడాదే ఆ పత్రిక పుట్టడం గమనించదగినది.

రాజమహేంద్రవరంలో కుసుమ ధర్మన్న ఉన్నారు. ఆయన వృత్తి ఆయుర్వేద వైద్యం. ‘మాకొద్దీ నల్లదొరతనము’ అన్న ఆయన గీతం దేశీయ దొరల అణచివేతను నిలదీసింది. ‘జయభేరి’ పత్రికను ఆయనే నడిపారు. పట్టణంలో వైద్యునిగా గౌరవం పొందిన మనిషి, తన జనం కోసం సంపాదకుడయ్యారు. వృత్తి గౌరవాన్ని ప్రజల మాటకు అండగా నిలపడం అంటే ఇది.

ఈ రెండు పాయలను ఒక్క జీవితంలో కలిపినవారు పొకాల లక్ష్మీనరసు (1861–1934). ఇంటిపేరే ఆయన తెలుగుతనం చెబుతుంది. మద్రాసులో భౌతిక, రసాయన శాస్త్రాలు బోధించిన ఆచార్యులు. 1907లో ఆయన ‘బౌద్ధసారం’ ఆంగ్లంలో వెలువడింది. 1922లో కులవ్యవస్థపై శాస్త్రీయ విమర్శ గ్రంథం రాశారు. గ్రంథాలు రాసి ఊరుకోలేదు. అయోతీదాసు సంఘంతో పనిచేశారు, గని కార్మికుల నడుమ బౌద్ధ సభలలో మాట్లాడారు. అద్భుతాలను, కర్మ పేరిట కులాన్ని సమర్థించే వాదాన్ని తీసివేసి, హేతువుకు నిలిచే ధమ్మాన్ని ఆయన చూపారు. ఆ ‘బౌద్ధసారం’ 1948 నాటి మూడవ ముద్రణకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ ముందుమాట రాశారు. వర్ణాంతరాల, భాషాంతరాల గోడలు దాటి ఒక తెలుగు శాస్త్రాచార్యుని మాట బాబాసాహెబ్ చేతికి చేరిన మార్గం అది. మద్రాసు న్యాయవాది సింగారవేలు కూడా ఆ తొలి బౌద్ధ సంఘపు సభ్యుడే. 1921లో న్యాయవాద వృత్తిని వదిలారు. 1923లో మేడే జరిపారు. కార్మికుల పత్రికలు నడిపారు.

పుదుచ్చేరిలో ప్రజల గొంతు

ఇక మన పట్టణానికి తిరిగి వద్దాం. 1930లో ఇక్కడి నుండి ‘పుదువై మురసు’ వెలువడింది. ఆత్మగౌరవ ఉద్యమపు వారపత్రిక అది. పెరియార్ 1925 మే 2న ఈరోడులో ప్రారంభించిన ‘కుడియరసు’కు పుదుచ్చేరి తోబుట్టువు వంటిది. దాని వెనుక నిలిచినవారిలో భారతిదాసన్ (1891–1964) ముఖ్యులు. ఆయన 1909 నుండి 1946 దాకా ఫ్రెంచి ప్రభుత్వ పాఠశాలల్లో తమిళ ఉపాధ్యాయులు. ఉదయం ప్రభుత్వ బడిలో పాఠం, రాత్రి కుల మత ఆధిపత్యాలను ఎదిరించే పత్రికకు రచన. జువో దుబ్రేయ్ కళాశాలలో బోధించిన పట్టణమే ఇది. ఇద్దరూ ఉపాధ్యాయులే. ఒకరు పల్లవుల, ఇక్ష్వాకుల కాలాన్ని చదివారు. ఇంకొకరు తన కాలాన్ని చదివారు.

1934 ఈ పట్టణపు అభిప్రాయ చరిత్రలో మలుపు. ఫిబ్రవరి 17న గాంధీజీ హరిజన యాత్రలో భాగంగా ఇక్కడికి వచ్చారు. జూన్‌లో వి. సుబ్బయ్య ‘స్వదందిరం’ పత్రిక ప్రారంభించారు. మిల్లు కార్మికుల పని గంటలు, కూలి, సంఘం పెట్టుకునే హక్కు దాని ప్రధాన విషయాలు. 1936 జూలై 30న సవానా మిల్లు సమ్మెలో ఫ్రెంచి పోలీసుల కాల్పులకు పన్నెండు మంది కార్మికులు మరణించారు. 1937 ఏప్రిల్‌లో ఫ్రెంచి ఇండియాకు కార్మిక చట్టాన్ని వర్తింపజేస్తూ డిక్రీ వచ్చింది. ఎనిమిది గంటల పనిదినం, సంఘ హక్కు వాటితో వచ్చాయి. పత్రిక ఒక్కటే వాటిని తేలేదు, మరణించినవారి రక్తం తెచ్చింది. కాని ఆ రక్తం దేనికోసం చిందిందో లోకానికి చెప్పడానికి అప్పటికే ఒక పత్రిక ఉండడం మేలయింది.

ఆ మరుసటి ఏడాదే, 1937లో, పట్టణానికి దక్షిణాన అరియాంకుప్పం నది ఒడ్డున వీరాంపట్టణం దగ్గర జువో దుబ్రేయ్‌కు రోమన్ చక్రవర్తి అగస్టస్ రూపం చెక్కిన ఒక రత్నం దొరికింది. అదే అరికమేడు. రోముతో వర్తకం చేసిన రేవుగా అది విశ్వవిఖ్యాతి పొందింది. ఆ దిబ్బ పేరులోని ‘అరుగన్’ అన్న మాట బుద్ధునికో జినునికో తమిళంలో ఉన్న పేరని కొందరు పండితులు వివరిస్తారు. లోకం రోము రత్నాన్ని గుర్తు పెట్టుకుంది. పేరులో మిగిలిన శ్రమణుని గుర్తు పెట్టుకోవడం మన వంతు.

1935: ఒక ప్రకటన, రెండు చెవులు

1935 అక్టోబరు 13న యేవలాలో బాబాసాహెబ్ తాను హిందువుగా పుట్టినా హిందువుగా మరణించనని ప్రకటించారు. ఆ ప్రకటనకు వెనుక పదిహేనేళ్ళ పత్రికా సాధన ఉంది. 1920 జనవరి 31న ‘మూకనాయక్’ ప్రారంభించారు. దానికి శాహూ మహారాజు 2,500 రూపాయలు ఇచ్చారు. ఆ పత్రిక పుట్టుకను తెలిపే ప్రకటనను డబ్బిచ్చినా అచ్చు వేయడానికి ‘కేసరి’ ఒప్పుకోలేదని బాబాసాహెబ్ జీవితచరిత్రకారులు చెబుతారు. 1927లో ‘బహిష్కృత భారత్’, 1930లో ‘జనతా’ వచ్చాయి. మూగవారి నాయకుడు అన్న మొదటి పేరే పత్రికా లోకం మీద ఒక తీర్పు. జనం మూగవారు కారు. వారి మాట అచ్చు కాకపోవడమే వారి మూగతనం.

యేవలా ప్రకటన రాజకీయపు బేరమని, అలకని భావించినవారు ఆనాడు కొదువ లేరు. మతం మారడం వలన ప్రయోజనమేమని గాంధీజీ ప్రశ్నించారు. దానిని విన్న రెండవ చెవి వేరు. కోలారులో, రాయపేటలో పాతికేళ్ళకు పైగా బౌద్ధ పత్రిక చదువుతున్నవారికి అందులో కొత్త వింత లేదు. తాము నడిచిన దారిలోకి ఒక మహానాయకుడు వస్తున్నాడన్న ఆశ ఉంది. 1936లో బాబాసాహెబ్ ‘కుల నిర్మూలన’ వెలువడగానే దాని తమిళ అనువాదాన్ని ‘కుడియరసు’ ప్రచురించింది. ఆంగ్లంలో ఉన్న పండితవాదం ప్రజల భాషలోకి రావడానికి అక్కడ ఏడేళ్ళు పట్టలేదు. కావలసినవారు ఉన్నచోట అనువాదం ఆలస్యం కాదని ఈ ఒక్క ఉదాహరణ చాటుతుంది.

1956 అక్టోబరు 14న నాగపూరులో దీక్ష జరిగినప్పుడు లోకం దానిని ఆకస్మిక ఘటనగా చూసింది. యుద్ధాల నడుమ దక్షిణాదిన వెలువడిన ఆ చిన్న పత్రికలను చదివినవారికి అది ఆకస్మికం కాదు.

రాయి మిగిలింది, కాగితం?

ఈ చరిత్ర మనకు అప్పగించిన పని ఏమిటి? పండితాభిప్రాయపు సామగ్రి భద్రంగా ఉంది. గోలి ఫలకాలు మద్రాసు మ్యూజియంలో ఉన్నాయి. నాగార్జునకొండ అవశేషాలు జలాశయం నడుమ కొండపై ఉన్నాయి. ‘ఎపిగ్రాఫియా ఇండికా’ సంపుటాలు ప్రతి విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. ప్రజాభిప్రాయపు సామగ్రి పలుచని కాగితం మీద అచ్చయింది. దానిని కొన్నవారికి బీరువాలు లేవు. గుడిసె చూరులో దాచిన సంచిక ఒక వానకు కరిగిపోతుంది.

అయినా ఆశ ఉంది. ‘తమిళన్’ సంచికలు కొన్ని బౌద్ధ కుటుంబాల శ్రద్ధ వలన నిలిచాయి. వాటి ఆధారంగా జ్ఞాన అలోసియస్ 1999లో అయోతీదాసు రచనలను సంపుటాలుగా తెచ్చారు. దానితో దక్షిణ భారత బౌద్ధ పునరుజ్జీవన చరిత్ర తిరగరాయవలసి వచ్చింది. అంతదాకా నాగపూరుతోనే కథ మొదలవుతుందని అనుకున్నవారు, అరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళి మొదలుపెట్టవలసి వచ్చింది. కొద్దిమంది ఇండ్లలోని పాత కాగితాలు చేసిన పని అది.

కాబట్టి మన సంఘాల వారందరికీ ఈ సందర్భంలో మూడు పనులు విన్నవిస్తున్నాను. మొదటిది, మన పెద్దల ఇండ్లలో ‘భాగ్యనగర్’, ‘ఆది హిందు’, ‘జయభేరి’, ‘తమిళన్’, ‘పుదువై మురసు’ సంచికలుగాని, సభల కరపత్రాలుగాని, ఒక్క చిరిగిన పుటగాని ఉంటే దానిని ఛాయాచిత్రం తీయించి భద్రపరచాలి. రెండవది, అమరావతి, గోలి, నాగార్జునకొండ శాసనాలలోని దాతల పేర్లను, వృత్తులను సరళమైన తెలుగులో పుస్తకంగా తేవాలి. చమ్మకారుడు విధికుని పేరు ప్రతి బౌద్ధ గృహంలో పిల్లలకు తెలియాలి. మూడవది, మనలో చదువుకున్న ఉపాధ్యాయులు, వైద్యులు, న్యాయవాదులు లక్ష్మీనరసు గారి మార్గాన నడవాలి. వారి వృత్తి జ్ఞానం వాడలోని సభకు చేరాలి, సభలోని ప్రశ్న వారి రచనలోకి రావాలి.

శాక్యముని తన ధమ్మాన్ని పండితుల సంస్కృతంలో కాక జనుల భాషలలో చెప్పమని భిక్షువులను ఆదేశించాడని వినయపిటకం తెలుపుతుంది. రెండు యుద్ధాల నడుమ పండితుల పత్రిక ఆ ఆదేశాన్ని మరచింది. ఒక పైసా వెలగల పీడితుల పత్రిక దానిని పాటించింది. మన సంచికలు ఏ కోవకు చెందాలో నిర్ణయించుకోవలసినవారం మనమే.

భవతు సబ్బ మంగళం.